ఊరు ఖాళీ చేసిన శుక్రవారం

మనవరాలు తలుపుకు తాళం వేయబోతుంటే అలవాటుగా అడిగాను. "పొయ్యి ఆపావా? ఇంట్లో ఎవరైనా మిగిలారా?"

"ఈ రెండూ అడగకుండా నువ్వు గడప దాటవు కదా అమ్మమ్మా," అని నవ్వింది హారిక. "పొయ్యి ఆపాను. సౌజన్య ఉంది. రాదు. అడిగి అడిగి వదిలేశాను."

హారిక ఈ అరబ్బు దేశపు రాజధానిలో, అల్ మన్సూరా అనే పేటలో చిన్న ఫ్లాట్‌లో ఉంటుంది. రెండు గదుల్లో ఒకటి తనది, రెండోది సౌజన్యది. సౌజన్యది నిజామాబాద్. ఆ పిల్ల చేరిన కంపెనీ మూతపడింది. అంతకుముందు చేరినదీ అలాగే మూతపడిందట. తెలిసినవాళ్ళెవరో నవ్వులాటకు "నీ అడుగు అలాంటిది" అన్నారట. అప్పటినుంచి గది తలుపు వేసుకునే ఉంటోంది. మేమంతా పడుకున్నాక వచ్చి తిని, గిన్నె కడిగి పెట్టి పోతుంది. పొద్దున కడిగిన గిన్నె చూసి, తిన్నదని తెలుసుకోవాలి. నేను వచ్చి నెల కావస్తోంది. ఆమె ముఖం సరిగ్గా చూసింది లేదు.

హారిక నన్ను పార్కుకు తీసుకుపోయింది. మోకాళ్ళకు శ్రమ ఉండదని, దారంతా చదునుగా ఉంటుందని వారం ముందునుంచీ చెబుతోంది. నిజంగానే బాగుంది. పచ్చిక కత్తిరించినట్టు కాక దువ్వినట్టుంది. నడిచే బాటకు రెండు పక్కలా చెట్లు, ఒక్కో చెట్టు దగ్గర దాని పేరు రాసిన పలక. శుక్రవారం కాబట్టి పిల్లలు, చాపలు, ఫ్లాస్కులు. ఒక మలుపులో బాట మీద గోధుమరంగు పండ్లు చిన్నవి రాలి ఉన్నాయి. వంగి ఒకటి తీసుకుని, కొంగుతో తుడిచి, నోట్లో వేసుకున్నాను. "అమ్మమ్మా, కింద పడ్డవి తింటావేంటి!" అని హారిక చేయి పట్టుకుంది. అప్పటికే గింజ నాలుక మీదికి వచ్చేసింది. పిండిలా పొడిగా, కొంచెం తీపిగా, చివర వగరు. పలక చదవనక్కర్లేదు. అరబ్బులు సిదర్ అంటారు. మన రేగుకు దగ్గరి చుట్టం. ఆ రుచితో నేను చిన్నప్పటి దుఖాన్‌లో ఉన్నాను, అమ్మ చీపురు పట్టుకుని నా ముందు నడుస్తోంది.

నేను తేదీలు రాసిపెట్టుకునే మనిషిని. పాల లెక్క దగ్గర్నుంచి పెళ్ళిళ్ళ దాకా ఏది ఎప్పుడన్నది నన్నే అడుగుతారు. ఈ సంగతికి మాత్రం తేదీతో పని లేదు. చమురు ధర పెరిగి, ఇదే దేశపు పడమటి తీరంలో ఉన్న దుఖాన్‌లో కొత్త పైపులు, కొత్త ట్యాంకులు, కొత్త క్వార్టర్లు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న కాలం అంటే చాలు. బాపు, అంటే మా నాన్న, అక్కడ స్టోర్ క్లర్కు. జగిత్యాల వైపు నుంచి అంత దూరం కుటుంబంతో వచ్చినవాళ్ళు చాలా తక్కువ. మాకొక వరుస ఇంట్లో రెండు గదులు, ఒక వంటిల్లు. కుళాయిలో వచ్చేది ఉప్పునీరు, తాగేది ట్యాంకరు నీళ్ళు. గాలి అటునుంచి వస్తే కుళ్ళిన గుడ్డు వాసన, ఇటునుంచి వస్తే సముద్రం వాసన. రెండూ లేని రోజు అమ్మ మినప్పప్పు వేయించే వాసన ఇల్లంతా నిలబడేది. కొంచెం దూరంలో, ముళ్ళకంచె లోపల, కట్టడం పనివాళ్ళ క్యాంపు. అందులో ఎక్కువమంది మా వైపు మగవాళ్ళే. వాళ్ళ ఇళ్ళల్లో ఉత్తరాలు చదివేవాళ్ళు "మావోడు దుబాయ్‌ల ఉన్నడు" అనుకుంటూ ఉండేవారు. ఇది దుబాయ్ కాదని అమ్మ ప్రతి ఉత్తరంలోనూ రాసేది. ఎవరూ వినలేదు.

శుక్రవారాలు మేము షికారు వెళ్ళేవాళ్ళం. కంపెనీ వాళ్ళు వేయించిన చిన్న తోట ఒకటి ఉండేది. గన్నేరు కంచె, దాని చుట్టూ ఇనుప తీగ, నాలుగు బెంచీలు, మురికినీళ్ళు శుభ్రం చేసి పెంచిన పచ్చిక. సెలవురోజు అది కుటుంబాలకే. క్యాంపు మగవాళ్ళు తీగ అవతల నిలబడి పచ్చికను చూసేవారు, నీళ్ళను చూసినట్టు. అమ్మకది నచ్చేది కాదు. నాలుగు శుక్రవారాలు పోయి ఐదోసారి మానేసింది. వానపడ్డ చలికాలంలో అయితే ఊరు దాటి పల్లపు నేలలకు పోయేవాళ్ళం. అక్కడివాళ్ళు రౌదా అంటారు. ఏడాదంతా బూడిదరంగులో పడి ఉన్న నేల, ఒక్క వానకు మోకాలెత్తు గడ్డి మొలిపించుకుని, మధ్యలో రెండు మూడు సిదర్ చెట్లతో నిలబడేది. అమ్మ చాప పరిచేముందు చెట్టు కింద ఊడ్చేది. చీపురు ఇంటినుంచే తెచ్చేది. "ఎడారిని ఊడ్చే ఆడదాన్ని నేనొక్కన్నే చేసుకున్న," అనేవాడు బాపు ట్రాన్సిస్టర్ ముల్లు తిప్పుతూ. "ఊడ్వని చోట కూసుంటె అది కూసున్నట్టు కాదు, పడిపోయినట్టు," అనేది అమ్మ.

ఆ చలికాలం క్యాంపులో ఇద్దరు పోయారు. మొదటివాడు పరంజా పలక జారి పైనుంచి పడ్డాడు. రెండోవాడు నిద్రలోనే పోయాడు. తర్వాత మూడోవాడికి జ్వరం పట్టుకుని దిగలేదు. చనిపోయిన ఇద్దరికీ దగ్గరివాడు ఒకడే, మల్లేశం. తాళ్ళు కట్టి బరువులు ఎత్తే పని అతనిది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. మొదటివాడు పడ్డ రోజు ఆ డ్యూటీ నిజానికి మల్లేశానిది. కడుపునొప్పి అని మార్చుకున్నాడు. రెండోవాడు అతని పక్క మంచం. జ్వరం వచ్చినవాడు ఎదుటి మంచం. అంతే, ఎవరో ఒకరు మొదట అన్నారు, తర్వాత అందరూ అన్నారు. అతని పక్కన కూర్చుని తినడం మానేశారు. మంచాలు జరుపుకున్నారు. చనిపోయినవాళ్ళిద్దరివీ మల్లేశం ఊరికి పక్క ఊళ్ళే. ఇక్కడి మాట ఉత్తరంలో పడి అక్కడికి చేరితే, ఆ రెండిళ్ళ ముందునుంచి అతను మళ్ళీ నడిచి పోలేడు. అతని భార్య, తల్లి బతికేది ఆ ఊళ్ళ మధ్యనే.

క్యాంపు చూసుకునే ఖాజా మియా ఒక సాయంత్రం మా వంటింటి తలుపు దగ్గరికి వచ్చాడు. హైదరాబాదు మనిషి. ఎంత చెప్పినా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు కాదు, గడప మీదే.

"ఆపా, పెద్ద పరేషాన్ వచ్చింది," అన్నాడు. "మనోళ్ళు కీడు వంట చేస్తం అంటున్నరు. పొద్దు పొడవకముందు క్యాంప్ మొత్తం ఖాళీ చేసి, బయట వండుకొని తిని, పొద్దుగూకినంక వస్తరంట. ఊర్లె గిట్ల చేస్తరా?"

"చేస్తరు," అంది అమ్మ. "ఊర్లె వరుసగ మనుషులు పోతుంటె చేస్తరు. ఇంట్ల పొయ్యి మండొద్దు, మనిషి మిగలొద్దు. ఎవ్వరు లేని ఊర్ల కీడు ఏం తింటది? అదే పోతది."

"ఆడమనిషి చెయ్యి లేకుంటె ఆ వంట చెల్లదంట. నిన్ను అడగమని నన్ను పంపిండ్రు."

చేటలో బియ్యం ఏరుతున్న అమ్మ చేతులు ఆగలేదు. "అందరు వస్తాండ్రా?"

ఖాజా మియా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "జ్వరమోడు నిన్ననే దవాఖానకు పోయిండు. మిగిలినోళ్ళు వస్తరు. మల్లేశంను ఇడిసి పోతమంటున్నరు."

ఇప్పుడు ఆగాయి. "అయితె నేను రాను. పోయి చెప్పు. ఒక్క మనిషి మిగిలినా వంట చెల్లదు. అది నా మాట కాదు, ఊరి మాట."

లోపల పేపరు చదువుతున్న బాపు అంతా విన్నాడు. చదువుకున్న మనిషి, ఇవన్నీ నమ్మడు. "పంపుల కాడ మూడు షిఫ్టుల మనుషులుంటరు. ఈ ఊరు ఎన్నడన్న ఖాళీ అయితదా? మీ కీడు ఆ పంపుల కాడ కూసుంటది, చాయ్ తాగుకుంట," అన్నాడు.

"ఆ మనుషులు వేరే బువ్వ తింటరు. ఊరంటె గోడలు కాదు, ఒక పొయ్యి మీద తినెటోళ్ళు. నువ్వు లారీలు అడుగుతవా, అడగవా?"

బాపు కొంతసేపు పేపరు మడిచాడు, విప్పాడు. "అడుగుత. కానీ పిక్నిక్ అని రాస్త. కీడు అని రాస్తె ముందుగాల నన్నే పంపిస్తరు ఇంటికి."

అలా, పనివాళ్ళ వినోదం కోసం అని చెప్పి, కంపెనీ రెండు లారీలు ఇచ్చింది. మల్లేశాన్ని కూడా తీసుకుపోతామని క్యాంపువాళ్ళు ఒప్పుకున్నారు. మా తమ్ముడు మూడు అంటాడు. రెండే. వాడప్పటికి చెప్పులు కూడా కుడి ఎడమ తెలియకుండా వేసుకునేవాడు, వాడి మాట లెక్కలోకి రాదు.

ఇంకా తెల్లవారలేదు. చలికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. లారీలనిండా మగవాళ్ళు, తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, బియ్యం బస్తా, డేగిసాలు, కట్టెల కోసం తెచ్చిన సెంట్రింగ్ చెక్క ముక్కలు, ఒక మేక. అమ్మ చీపురు చంకలో పెట్టుకుని ముందు లారీ ఎదురుగా నిలబడింది. ఎక్కలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదలలేదు. లారీ మీదినుంచి ఓదెలు వంగి చూశాడు. ఓదెలు పెద్ద మేస్త్రీ, వయసులో అందరికన్నా పెద్ద, నోరు అంతకన్నా పెద్దది. మల్లేశం మాట మొదట అన్నది ఇతనే అని ఖాజా మియా చెప్పాడు.

"ఎక్కు చెల్లె, పొద్దు పొడుస్తాంది."

"మల్లేశమేడి?"

"వాడు రానంటాండు. మేము ఆపుతాన్నమా?"

ఆ మాట నిజమే. అమ్మ క్యాంపులోకి నడిచింది, వెనుక నేను. ఆడవాళ్ళు అడుగుపెట్టని చోటు అది. తడి బూట్ల వాసన, కొబ్బరినూనె వాసన. పొడవైన గదిలో మంచాలన్నీ ఒక గోడకు జరిగి ఉన్నాయి, ఒక్క మంచం ఇటు గోడకు. దాని మీద మల్లేశం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"నన్ను ఇడిసిపెట్టుండ్రి అక్కా," అన్నాడు తలెత్తకుండా. "వాడు చచ్చిన డ్యూటీ నాది. అందరు అనుడు కాదు, నాకే అనిపిస్తాంది. నేనే ఆ కీడు."

అమ్మ అతన్ని ఓదారుస్తుందనుకున్నాను. ఆమె అలాంటి మనిషి కాదు. "సరే, నువ్వే కీడు అనుకుందాం," అంది లెక్క చెప్పినట్టు. "నిన్ను ఈడ పెట్టి మేమందరం పోయి, మళ్ళ మాపటికి ఈడికే గదరా రావాలె? కీడును ఇంట్ల పెట్టి తాళమేసి పోయెటోళ్ళను ఏడన్న చూసినవా? కీడువైతె ముందుగాల నువ్వే బయటికి నడువాలె. కాకపోతె నీకు ఈడ పనేంది? ఎట్ల చూసినా లే."

మల్లేశం మొదటిసారి తలెత్తి చూశాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు అర్థం కాలేదు. లేచి చొక్కా తొడుక్కున్నాడు. లారీ మీద అతనికి చోటు కావలసినదానికన్నా ఎక్కువే దొరికింది. అందరూ జరిగారు కదా. అమ్మ ఆ ఖాళీలో నన్ను ఎక్కించి కూర్చోబెట్టింది.

ఆ ఏడు వాన బాగా పడింది. పల్లం అంతా పచ్చగా ఉంది. మగవాళ్ళు దిగగానే మాటలు మరిచిపోయి, చెప్పులు విడిచి, గడ్డిలో ఊరికే నడిచారు. తోట తీగ అవతల నిలబడి చూసినవాళ్ళు వీళ్ళే. కొందరు కూర్చుని అరచేతులతో నేలను నిమిరారు. ఒకతను చెట్టెక్కి పండ్లు దులిపాడు. "రేగే రా! మన రేగే! గింజ కొంచెం పెద్దగున్నది," అని అరిచాడు. "వేపాకు లేదు గదా, కాళ్ళు దేంతో కడుగుదాం?" అని ఒకరు అడిగితే, ఖాజా మియా ఆ చెట్టు ఆకులనే తుంచి బిందెలో వేశాడు. తమ ముసల్మానుల్లో చనిపోయినవాళ్ళకు ఈ ఆకుల నీళ్ళతోనే స్నానం చేయిస్తారని మెల్లగా చెప్పాడు. పెట్టెల్లో ఇంటికి వెళ్ళిపోయిన ఆ ఇద్దరినీ తలుచుకున్నారేమో, ఒకరి తర్వాత ఒకరు బిందెలోకి తొంగిచూశారు. అమ్మ చెట్టు కింద ఊడ్చింది. మూడు రాళ్ళు పెట్టి పసుపు రాసి, బొట్టు పెట్టి, పొయ్యి ముట్టించింది. మల్లేశం దూరంగా ఒక రాతి మీద కూర్చున్నాడు.

ఎసరు మరిగి బియ్యం పోశాక ఓదెలు లేచి నిలబడి పడమటి వైపు చేయి చాపాడు. "అది చూసినవా చెల్లె?"

అందరం చూశాం. దిబ్బ వెనుక ఆకాశంలో, పగటి వెలుతురులో కూడా ఎర్రగా, గ్యాసు మంట. చమురు తీసేచోట పనికిరాని గ్యాసును గొట్టం చివర కాల్చేవారు. పగలూ రాత్రీ, వానలోనూ ఆరదు. రోజూ దాని కిందే తిరుగుతాం కాబట్టి ఎవరికీ గుర్తురాలేదు. దూరం వచ్చాకే కనిపించింది.

"ఊర్లె పొయ్యి మండుతనే ఉన్నది," అన్నాడు ఓదెలు. "ఇంక మన వంట ఏడ చెల్లుతది? ఉత్త తిప్పలు. కీడు మన ఎంట ఉండనే ఉన్నది." చివరి మాట అంటూ మల్లేశం వైపు చూశాడు. తక్కిన చూపులన్నీ అటే తిరిగాయి. కట్టెలు అందిస్తున్న చేతులు వెనక్కి పోయాయి. మల్లేశం రాతి మీదినుంచి లేచి, లారీలున్న వైపు కాదు, ఏమీ లేని వైపు నడవడం మొదలుపెట్టాడు.

అమ్మ గరిటె పట్టుకునే ఉంది. కింది పెదవి కొరుక్కుంటూ మంట వైపు చూసింది.

"ఓదెలన్నా, దాని మీద ఎన్నడన్న బువ్వ ఉడికిందా?"

"బువ్వేంది?"

"చాయ్ పెట్టిండ్రా ఎవరన్న? చలికి చెయ్యి కాపుకున్నవా?"

"దాని దగ్గరికి పోనిస్తరా మనల్ని!"

"మరి పొయ్యి అంటవేందే! నువ్వు ముట్టియ్యలే, నేను ముట్టియ్యలే, ఎవ్వని కడుపు నింపది. అది మన పొయ్యి కాదు. దేశంకాని దేశంల మనకున్న పొయ్యి ఇగో, ఇదే." గరిటెతో మూడు రాళ్ళు చూపించింది. తర్వాత గొంతు పెంచింది. "మల్లేశం! ఏడికి పోతున్నవ్? కట్టెలు అయిపోతాన్నయి, ఎగదొయ్యి!"

అతను ఆగాడు. వెనక్కి వచ్చి చెక్క ముక్కలు పొయ్యిలోకి తోశాడు. పొగ ముఖం మీదికి కొట్టింది, కళ్ళు తుడుచుకోవడానికి అతనికి మంచి సాకు దొరికింది. అన్నం దిగాక, కూర దిగాక, అమ్మ మొదటి గిన్నె నింపి మల్లేశం చేతికిచ్చి ఓదెలు ముందుకు పంపింది. బాపు ట్రాన్సిస్టర్ ఆపేశాడు. ఓదెలు గిన్నెను చూశాడు, అతన్ని చూశాడు, దిబ్బ వెనుక మంటను ఒకసారి చూశాడు. కింద కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నమిలాడు.

"ఉప్పు తక్కువున్నది రా," అన్నాడు.

"ఉప్పు ఏసింది నేను," అంది అమ్మ.

"అయితె సరిపోయింది," అన్నాడు ఓదెలు. ముందు బాపు నవ్వాడు. తర్వాత అందరూ. మల్లేశం అందరికీ వడ్డించి చివర కూర్చుంటే, ఖాజా మియా జరిగి అతని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు. పొద్దు గూకాక, ఆకులు వేసిన నీళ్ళతో కాళ్ళు కడుక్కుని క్యాంపులోకి పోయారు. మర్నాడు మంచాలు మళ్ళీ ఎప్పటి వరుసలోకి వచ్చాయని ఖాజా మియా వచ్చి చెప్పాడు.

ఆ తర్వాత ఆ క్యాంపులో ఎవరూ చనిపోలేదని రాస్తే బాగుంటుంది. అది నిజం కాదు. ఆ ఎండాకాలం ఇంకొకతను పోయాడు. జ్వరమతను బాగై తిరిగివచ్చాడు, కానీ అతన్ని అప్పటికే ఆసుపత్రిలో చేర్చారు కాబట్టి దాన్ని మా వంట ఖాతాలో వేయలేను. మా ఖాతాలో వేయదగ్గది ఒక్కటే: ఆ ఎండాకాలం మల్లేశం పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ మనిషి పెట్టెతో పాటు ఇంటికి వెళ్ళి అప్పగించి రావడానికి క్యాంపు అంతా కలిసి పంపింది మల్లేశాన్నే.

ఇప్పటి పార్కుకు తీగ లేదు, పచ్చిక మా తోటకు వంద రెట్లు. మనుషులు ఆరోగ్యం కోసం, ఫోటో కోసం, పిల్లల అల్లరి తీరడం కోసం వస్తారు. మంచిదే, మేమూ మొదట అందుకే పోయేవాళ్ళం. అయితే ఇక్కడ ఎవరి చాప వాళ్ళది. ఇంట్లో ఎవరు మిగిలారని ఒక చాప మీదివాళ్ళు ఇంకో చాప మీదివాళ్ళను అడగరు. అప్పుడు కూడా అమ్మ పట్టుబట్టకపోతే అడిగేవాళ్ళు కారు. ఆ కాలం మంచిదని నేననను. నియమం ఒకటి ఉండేది, దాన్ని గట్టిగా పట్టుకునే మనిషి ఒకరు ఉండేవారు. అంతే తేడా.

రాలిన పండ్లు ఏరి కొంగులో వేసుకున్నాను. ఇంటికి రాగానే చెప్పులు విడిచి, సౌజన్య గది ముందు నిలబడి తలుపు తట్టాను.

"నేను బాగానే ఉన్నా అమ్మమ్మగారూ. మీరు వెళ్ళిరండి," అంది లోపలినుంచి.

"మేం పోయి వచ్చాం. నేను వచ్చే శుక్రవారం సంగతి మాట్లాడుతున్నాను."

తలుపుకు అవతల అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. "నేను వస్తే..." అని ఆగిపోయింది.

"నువ్వు వస్తే పార్కు మూతపడుతుందా? పడనీ, ఇంకోటి చూసుకుంటాం. ఏడు రోజులు టైముంది, తల దువ్వుకోవడానికి చాలు."

గొళ్ళెం చప్పుడు వెంటనే రాలేదు. నాకూ తొందర లేదు. గడప ముందు నేలను చేత్తో ఒకసారి ఊడ్చి, పండ్లు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.